ఆయన బదులు నేను చూసిన నీటిచుక్క

ఆ దేశంలో నాకు మొదటి ఉద్యోగం ఒకాయన చూపు పోవడం వల్ల దొరికింది. ఇన్నేళ్లలో ఈ మాట ఎవరితోనూ ఇంత తిన్నగా అనలేదు. ఎవరైనా అడిగితే, డర్బన్ దగ్గర స్టాంగర్‌లో ఒక స్కూల్లో బయాలజీ టీచరు పోస్టు ఖాళీ అయింది, అప్లై చేశాను, వచ్చింది అని చెప్పేదాన్ని. ఎలా ఖాళీ అయిందో చెప్పేదాన్ని కాదు.

మేం విశాఖపట్నం నుంచి వెళ్లేసరికి అక్కడ తెల్లవాళ్ల పాలన పోయి, నల్లవాళ్లతో సహా అందరూ కలిసి ఓట్లేసిన మొదటి ఎన్నికలు జరిగి రెండేళ్లు కావస్తోంది. మా ఆయనకు చక్కెర మిల్లులో కెమిస్టు ఉద్యోగం. నేను జువాలజీలో ఎమ్మెస్సీ చదివి, ఇంట్లో కూర్చుని, కిటికీలోంచి చెరుకు లారీలు చూస్తూ ఆరు నెలలు గడిపాను. ఆ తర్వాతే ఈ స్కూలు. అంతకుముందు అది ఇండియన్ పిల్లల బడి. నేను చేరేనాటికి కొండవతల నల్లవాళ్లను విడిగా ఉంచిన టౌన్‌షిప్ నుంచి జూలూ పిల్లలు కూడా నడిచి వస్తున్నారు. ఇద్దరు కూర్చునే బల్ల మీద ముగ్గురు సర్దుకునేవారు. ల్యాబులో ఆరు మైక్రోస్కోపులుంటే రెండింటికి అద్దాలు లేవు.

ల్యాబు తాళాలు అప్పగించడానికి పాత టీచరుగారు స్వయంగా వచ్చారు. యాభై రెండేళ్ల మనిషి. షుగరు వల్ల ఎడమ కన్ను పూర్తిగా పోయింది, కుడి కంటికి అంతా పొగలోంచి చూసినట్టు ఉండేదట. ఆరోగ్యం బాగాలేదని డిపార్ట్‌మెంటు వాళ్లు ముందే ఇంటికి పంపేశారు. భార్య మోచెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. గుత్తిలోని ఒక్కో తాళంచెవినీ బొటనవేలితో తడిమి, ఇది బీరువాది, ఇది ఆసిడ్లు పెట్టే అలమారది అని ఇంగ్లీషులో చెబుతూ నా చేతిలో పెట్టారు. పెడుతూ, ఏ ఊరు మీది అని అడిగారు.

"విశాఖపట్నం. తెలుగువాళ్లం."

ఆయన మొహం నావైపు తిరిగింది. మాటల కోసం వెతుక్కుంటున్నట్టు పెదవులు కదిలాయి.

"మా అవ్వ తెలుగే," అన్నారు చివరికి తెలుగులో. "నేను గూడా. కొంచం కొంచం. సెప్పేది నీకి తెలుస్తాదా?"

తెలుస్తోందన్నాను. వాళ్ల పెద్దలు చెరుకు కొట్టడానికి ఓడెక్కి వచ్చి నాలుగు తరాలు దాటింది. ఆ ఇంట్లో తెలుగు ఆయన అవ్వతోనే ఆగిపోయింది. ఆవిడ దగ్గర చిన్నప్పుడు విన్న తిండి పేర్లు, వరసలు, తిట్లు, రెండు దండకాలు, అంతే మిగిలాయి. భార్యది తమిళుల ఇల్లు. భార్యాభర్తలు ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవారు. నేను ఆయన్ని "మాస్టారూ" అన్నాను, అలవాటు కొద్దీ. ఆ మాటకు అర్థం అడిగారు. మావైపు టీచర్లను అలా పిలుస్తామన్నాను.

"బాగుంది," అన్నారు. "నిన్ను చెల్లీ అంటాను. అది నాకి తెలుసు."

వెళ్లబోతూ శనివారం ఇంటికి రమ్మన్నారు. తన దగ్గర ఒక పని ఉందని, అది కళ్లున్న మనిషి చెయ్యాల్సిన పనని చెప్పారు.

వాళ్ల ఇల్లు ఊరికి ఎగువన, చెరుకుతోటలు మొదలయ్యే చోట ఉండేది. వెనక వరండాలో కిటికీ కింద ఒక బల్ల, దాని మీద పాత ఇత్తడి మైక్రోస్కోపు. ఎవరో డాక్టరు క్లినిక్కు మూసేస్తుంటే కొనుక్కున్నారట. గోడ వారగా వరసగా పచ్చడి సీసాలు. వాటిలో పచ్చళ్లు లేవు. ఎండుగడ్డి నానేసిన నీళ్లు, ఉడికించిన బియ్యపు గింజలు నాలుగు వేసిన నీళ్లు, చెరువు నీళ్లు. వరండా అంతా మురిగిన గడ్డి వాసన.

"ముప్పై ఏళ్లుగా ఇదే వాసన," అంది ఆయన భార్య నాకు టీ ఇస్తూ. "మాకు పిల్లల్లేరు. ఈయనకి మాత్రం సీసాకి లక్షమంది." ఆవిడ ఇంగ్లీషులో అంది. నవ్వుతూనే అంది.

ఆ సీసాల్లో ఆయన పెంచేది పేరమీషియాన్ని. ఒకే ఒక్క కణంతో బతికే ప్రాణి అది. సీసాను వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే, కళ్లు మంచివైతే, తెల్లటి నలుసులా కనపడుతుంది. మైక్రోస్కోపు కింద చెప్పు అడుగు ఆకారంలో ఉంటుంది. ఒళ్లంతా వేల కొద్దీ సన్నటి పోగులు. వాటిని సీలియా అంటారు. వాటితోనే ఈదుతుంది, వాటితోనే తిండిని నోట్లోకి తోసుకుంటుంది. నేను కాలేజీలో ఈ పాఠం చదివాను, బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాను. అంతకు మించి దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

"తెలుగులో ఏమంటారు?" అని అడిగారాయన.

"శైలికలు."

ఆ మాటను రెండుసార్లు పలికి చూసి, తల అడ్డంగా ఊపారు. "మా అవ్వ చేతులకి చెరుకాకు గుచ్చుకుంటాది. సన్నగా ఉంటాది, కంటికి కనపడదు, మంట పుడతాది. అది ఏటి?"

"నూగా?"

"యేబో," అన్నారు, అవునని జూలూలో. "నూగు. ఇది నూగే."

అప్పటినుంచి మా ఇద్దరి మధ్య అది నూగే అయింది. చెరుకు కొట్టి వచ్చిన అవ్వ సాయంత్రం వాకిట్లో కూర్చుంటే, ఈయన చిన్నపిల్లాడిగా ఆవిడ అరచేతులకు కొబ్బరినూనె రాసి నూగు తీసేవారట. కనపడనిదాన్ని వెతకడం తనకు అక్కడ అలవాటైందని ఒకసారి అన్నారు.

ఆ మొదటి శనివారం ఆయన నాకు చూడడం నేర్పారు. ఎమ్మెస్సీ చదివిన నాకు, దాదాపు చూపు లేని మనిషి. వెలుతురు తగ్గించమన్నారు, ఎక్కువైతే నూగు కరిగిపోతుందని. బెండకాయ ముక్కలు నానేసిన నీటిని గుడ్డలో వడకట్టి, ఆ జిగురును చుక్కలో కలపమన్నారు. అది వాళ్లావిడ వంటింట్లోంచి వచ్చిన ఉపాయం. జిగురులో పడితే పేరమీషియం పరుగు తగ్గి, బురదలో నడిచే మనిషిలా ఈడ్చుకుంటూ పోతుంది. అప్పుడు అంచున చూస్తే సన్నటి మెరుపు వణుకుతున్నట్టు కనపడింది.

"అంచు మీద కళ్లు పెట్టు. రెప్ప కొట్టొద్దు. సెప్పు, ఏం కనపడతాది?"

చెప్పాను. ఆయన నా మాటలను సరిదిద్దుతూ, నాకు తెలియనివి ఇంగ్లీషులోకి మారి చెబుతూ పోయారు. ఒక్కో పోగు కొట్టేటప్పుడు బిర్రుగా నిలబడి నీటిని వెనక్కి నెడుతుంది. మళ్లీ తన చోటికి వచ్చేటప్పుడు మెత్తబడి, వంగి, ఒంటికి దగ్గరగా పక్కనుంచి జారుతూ వస్తుంది. రెండూ ఒకే తీరుగా ఉంటే ఎంత కొట్టుకున్నా ఉన్న చోటే ఉండిపోయేది. పోగులన్నీ ఒకేసారి కొట్టవు. పక్కది కొట్టాక రవ్వంత ఆలస్యంగా ఇది కొడుతుంది, దీని తర్వాత అవతలిది. అందుకని ఒంటి మీద అలలు పరిగెడుతున్నట్టు ఉంటుంది. "కేన్ మీద గాలి పోయినట్టు" అన్నారు ఆయన. కిటికీ అవతల గాలికి చెరుకుతోట అలాగే వంగి లేస్తోంది. ఆ ఊళ్లో పుట్టిన మనిషికి ఆ పోలిక కోసం వెతుక్కోవాల్సిన పని లేదు.

ఆయన అసలు ప్రశ్న వేరే. పేరమీషియం ఈదుతూ ఈదుతూ దేనికైనా తగిలితే ఆగదు. నూగంతా కొట్టే దిక్కు మార్చుకుంటుంది, జీవి వెనక్కి ఈదుతుంది, తోక మీద గిర్రున తిరిగి, ఇంకో దారి పడుతుంది. ఆ దిక్కు మారడం ఎక్కడ మొదలవుతుంది? ఒళ్లంతా ఒక్కసారిగా మారుతుందా, లేక తగిలిన చోట, అంటే మూతి దగ్గర మొదలై తోక దాకా పాకుతుందా?

పాకుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం ఒక్క మధ్యాహ్నం. ఇరవై రెండేళ్ల వయసులో ఇండియన్ల కోసం వేరుగా పెట్టిన కాలేజీలో చదువుతున్నప్పుడు, డర్బన్‌లో తెల్లవాళ్ల యూనివర్సిటీలో ఒక మంచి మైక్రోస్కోపు ఉందని తెలిసి, దాంట్లో చూడడానికి పర్మిట్ కోసం అర్జీ పెట్టుకున్నారు. ఏడాదికి వచ్చింది, ఒక్క మధ్యాహ్నానికి. వెనక గుమ్మంలోంచి లోపలికి పంపారు. దూది పోగుల మధ్య ఇరుక్కున్న ఒక పేరమీషియాన్ని రెండున్నర గంటలు చూశారు. మూతి దగ్గర నూగు ఒక దిక్కు, తోక దగ్గర ఇంకో దిక్కు కొడుతున్న క్షణం ఒకటి కనపడింది. బస్సులో ఇంటికొస్తూ దాన్ని కాగితం మీద గీసుకున్నారు. మళ్లీ పర్మిట్ రాలేదు. పై చదువుకి సీటూ రాలేదు. టీచరయ్యారు. ఆ బొమ్మ చుట్టూ తొమ్మిది నోటు పుస్తకాలు నింపారు. ఆ ఏళ్లలో బయటి దేశాల పత్రికలేవీ స్కూలు లైబ్రరీ దాకా రాలేదు. ఉన్న పుస్తకాలు ఆయన కంటే పాతవి.

"నేను సూసినాను," అనేవారు. "ఇంకొకళ్లు గూడా సూడాల. అప్పుడు అది నిజం."

నేను ప్రతి శనివారం వెళ్లాను. చలికాలం వెళ్లింది, డిసెంబరు దగ్గరపడుతుంటే అక్కడ ఎండలొచ్చాయి. నాకు అది కనపడలేదు. జీవి తగలడం కనపడేది, వెనక్కి రావడం కనపడేది. మధ్యలో ఆ మారే క్షణం రెప్పపాటులో సగం కూడా ఉండదు. ఆయన చెప్పిన పాకడం అందులో ఉందో లేదో ఎలా చెప్పను? "ఇంకా లేదు మాస్టారూ" అనేదాన్ని. "ఫర్వాలేదు, ఇంకోటి సూడు" అనేవారు. ఆయన కుర్చీ నా కుర్చీకి ఎంత దగ్గరగా ఉండేదంటే, ఊపిరి బిగబట్టడం కూడా తెలిసేది.

డిసెంబరులో ఒక శనివారం నేను వెళ్లేసరికి ఆయన వరండాలో లేరు. ముందు రోజే డర్బన్‌లో కంటి డాక్టరుకి చూపించుకుని వచ్చారు. కుడి కంట్లో మళ్లీ రక్తం చిమ్మింది, ఇక చేసేదేమీ లేదని చెప్పేశారట. ఆ సంగతి వాళ్లావిడ గుమ్మంలోనే నాకు చెప్పింది. కాసేపటికి ఆయన గోడ పట్టుకుని వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. గడ్డం గీసుకోలేదు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నారు.

"సూడు," అన్నారు.

చుక్క వేశాను. చూశాను. ఒక జీవి దూది పోగుకి తగిలి, వెనక్కి వచ్చింది.

"కనపడిందా?"

నేను ఆలోచించి అబద్ధమాడలేదు. అది నిజం. కానీ ఆలోచించకుండా వచ్చింది కాబట్టి అబద్ధం కాకుండా పోదు.

"కనపడింది," అన్నాను.

ఆయన భార్యను పేరు పెట్టి పిలిచారు. నేను ఆయన్ని కలిశాక అంత గట్టిగా పిలవడం అదే మొదలు. ఆవిడ వంటింట్లోంచి పిండి చేతులతో వచ్చింది. "షీ సా ఇట్," అన్నారు ఆమెతో. "చెల్లి సూసింది." ఆవిడ నా వైపు చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు.

ఒకటి చూస్తే చాలదు కదా, నలభై కావాలన్నారు. ఆ వేసవి సెలవులన్నీ నేను వెళ్లాను. ఆయన అడిగేవారు, నేను చూశానని చెప్పేదాన్ని, నా చేత్తోనే పదో నోటు పుస్తకంలో రాసేదాన్ని. రోజు, నీటి వేడి, జిగురు ఎంత, మూతి దగ్గర మొదలైంది, నడుం దాకా వచ్చింది, తోక దాకా పాకింది. మొదట్లో ఒక్కో మాటకూ ఆగేదాన్ని. పదిహేనో దాని తర్వాత ఆగలేదు. నమ్మబలకడానికి మధ్యలో రెండు మూడు "స్పష్టంగా లేదు" అని కూడా రాశాను. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

జనవరిలో ఆయన నా చేత ఒక ఉత్తరం రాయించారు, అప్పుడు వెనక గుమ్మంలోంచి వెళ్లిన ఆ యూనివర్సిటీకే. ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు, అది వేరే కాలం. పోస్టు చేయకుండా దాచేద్దామా అనుకున్నాను. ఆ ఆలోచనకే భయపడి, స్టాంపు అంటించి వేసేశాను. మూడు వారాలకు జవాబొచ్చింది. ఆ డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన లెక్చరరు, మర్యాదగా రాసింది. మైక్రోస్కోపుకి తగిలించిన వీడియో కెమెరా ఉందని, మీరొస్తే కలిసి చూద్దామని.

మా ఆయన కారు నడిపాడు. మాస్టారు పెళ్లినాటి కోటు వేసుకున్నారు. దారి పొడుగునా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. నేను వెనక సీట్లో నోటు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఇప్పుడు చెప్పాలి, ఈ మలుపు దాటాక చెప్పాలి అనుకుంటూ డర్బన్ చేరిపోయాను.

లెక్చరరు జూలూ అమ్మాయి, ముప్పై లోపే ఉంటుంది. పెద్దగుమ్మం దగ్గరికే వచ్చి నిలబడింది. ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని "బాబా" అంది. జూలూలో తండ్రి అని, పెద్దవాళ్లను అలా పిలుస్తారు. మెట్లెక్కించి తీసుకెళ్లింది. ల్యాబులో ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, టీవీ తెర మీద ఏం కనపడుతోందో వివరంగా చెప్పడం మొదలుపెట్టింది. పేరమీషియం తగలగానే టేపు ఆపి, ఒక్కో బొమ్మనూ ముందుకి కదిపింది.

"ఈ బొమ్మలో అన్నీ ముందుకి తీసుకెళ్లే దిక్కులో కొడుతున్నాయి, బాబా. తర్వాతి బొమ్మ. ఇందులో అన్నీ తిరిగిపోయాయి."

"అన్నీనా?"

"మూతి దగ్గరా, తోక దగ్గరా. ఒక్కసారే."

ఇంకోటి చూపించమన్నారు. ఆమె చూపించింది. ఆరేడు చూపించింది. అప్పుడు మెల్లగా చెప్పింది. మూతి తగలగానే కణం పైపొరలో విద్యుత్తు మారుతుందని, అది ఒళ్లంతా దాదాపు ఒకే క్షణంలో పాకిపోతుందని, దాంతో కాల్షియం లోపలికొచ్చి ప్రతి పోగూ దిక్కు మార్చుకుంటుందని. ఇది ఎన్నో ఏళ్ల కిందటే బయటి దేశాల్లో తేల్చారని. "ఆ పత్రికలు మీదాకా రాలేదు. నా దాకా కూడా ఆలస్యంగానే వచ్చాయి," అంది.

"కానీ ఈవిడ చూసింది," అన్నారాయన ఇంగ్లీషులో. "నలభై సార్లు. రాసి ఉంది."

లెక్చరరు నా ఒళ్లోని పుస్తకం వైపు, తర్వాత నా మొహం వైపు చూసింది. ఆమెకు అర్థమైపోయింది. ఏమీ అడగలేదు.  నేను పుస్తకాన్ని ఒళ్లో బోర్లా తిప్పుకున్నాను.

తిరుగు ప్రయాణంలో ఉమ్‌వోటి నది వంతెన మీదికి వచ్చాక అడిగారు.

"ఒక్కసారి అయినా సూసినావా?"

"లేదు మాస్టారూ."

"ఒకటి గూడా?"

"లేదు."

కారు వంతెన దాటింది.

"ఎందుకు?"

"ఆ రోజు మీరు... మీకు కాస్త సంతోషంగా ఉంటుందని."

"నాకి కళ్లు పోయినాయి," అన్నారాయన. "బుద్ధి పోలేదు గదా."

మా ఆయన ముందుకే చూస్తూ నడిపాడు. ఇంటి దగ్గర దిగేటప్పుడు నేను చెయ్యి పట్టుకోబోతే, ఆయన గేటు పట్టుకున్నారు.

మూడు శనివారాలు నేను వెళ్లలేదు. స్కూల్లో పిల్లలకు ఆ పాఠమే చెప్పాల్సి వచ్చింది. బోర్డు మీద చెప్పు ఆకారం గీసి, చుట్టూ పోగులు గీస్తుంటే, ఒక జూలూ పిల్ల లేచి అడిగింది, ఇవి నిజంగా కదలడం మీరు చూశారా మేడమ్ అని. చూశానన్నాను. ఆ మాటకి నేనే ఉలిక్కిపడ్డాను, అది నిజమే అయినా.

నాలుగో వారం ఆయన భార్య స్కూలు గేటు దగ్గర నిలబడి ఉంది. ఒక్కతే వచ్చింది. నన్ను తిట్టడానికనుకున్నాను.

"ఆయన రోజూ ఆ కుర్చీలోనే కూర్చుంటున్నారు," అంది. "నాతో మాట్లాడరు. నాకు ఆ మైక్రోస్కోపులో చూడడం రాదు. నువ్వు రా."

"రమ్మన్నారా?"

"లేదు. నేను రమ్మంటున్నాను."

వెళ్లాను. ఆయన నా అడుగుల చప్పుడు గుర్తుపట్టారు. "కూర్చోండి, మేడమ్," అన్నారు.

స్కూల్లో పిల్లలు పిలిచినట్టు. చెల్లీ అనలేదు. నేను కూర్చున్నాను.

"ఇప్పుడు మీరు సూసింది సెప్పండి. నాకి నచ్చేది వద్దు."

మార్చి నుంచి జూన్ దాకా అలా చూశాను. అంతకు ముందెప్పుడూ అంత శ్రద్ధగా ఏదీ చూడలేదు. కనపడకపోతే కనపడలేదన్నాను. అనుమానంగా ఉంటే అనుమానమన్నాను. ఆయన "ఇంకోటి" అనేవారు, అంతే. జూన్‌లో కోతకు ముందు చెరుకు తగలబెట్టడం మొదలైంది. ఆకు కాలిన నల్లటి మసి గాల్లో తేలివచ్చి ఆరేసిన బట్టల మీద, కిటికీ మీద, స్లైడు మీద కూడా పడేది. అటువంటి ఒక మధ్యాహ్నం, జిగురు ఎక్కువైన ఒక చుక్కలో, ఒక జీవి వెనక్కి వచ్చి, తిరిగి ముందుకి పోబోతూ తడబడింది. అప్పుడు కనపడింది నాకు. ఒకవైపు పోగులు అప్పటికే మామూలు దిక్కులో కొడుతున్నాయి. ఇంకోవైపువి ఇంకా వెనక్కే కొడుతున్నాయి. ఆ రెంటి మధ్యా పెనుగులాడుతూ జీవి గిర్రున తిరిగింది.

"మాస్టారూ," అన్నాను. "తిరగడం ఒక్కసారే తిరుగుతోంది. నేను ఎన్నిసార్లు చూసినా అంతే. కానీ మళ్లీ మామూలుగా అయ్యేటప్పుడు మాత్రం ఒక్కో చోట ఒక్కో సమయంలో అవుతోంది."

ఆయన తల నావైపు తిప్పారు.

"నిజంగా సూసినారా?"

"చూశాను."

"మళ్లీ సూడండి."

చూశాను. మళ్లీ మళ్లీ చూశాను. ఆ రోజు ఐదుసార్లు కనపడింది. మిగతావాటిలో కనపడలేదని చెప్పాను.

ఆయన ఇంగ్లీషులోకి మారి, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అన్నారు. ఆ పర్మిట్ మధ్యాహ్నం తను చూసింది అదే అయ్యుంటుంది. వెనక్కి తిరగడం కాదు, తేరుకోవడం. బొమ్మ సరిగ్గానే గీశారు. దాని కింద రాసుకున్న మాట తప్పు. ఇంకో మధ్యాహ్నం ఇచ్చి ఉంటే తనకే తెలిసిపోయేది. ఇంకొక్క మధ్యాహ్నం.

నేను, ఈ సంగతి లెక్చరరుకి రాద్దామా అన్నాను.

"వాళ్లకి తెలిసే ఉంటాది. తెలీనిది నాకే." కాసేపాగి, "ముప్పై ఏళ్లు," అన్నారు. ఆ రెండు మాటల తర్వాత ఆయన మొహం ఒక్కసారిగా ముసలిదైపోయినట్టు అనిపించింది నాకు. సంతోషిస్తారని అనుకున్నాను నేను. సంతోషించలేదు. పదో పుస్తకం తెమ్మని, నేను రాసిన నలభై మీదా నా చేతే అడ్డంగా గీతలు కొట్టించారు. ప్రతి గీతా విని, చాలన్నారు. ఇక శనివారాలు రానక్కర్లేదన్నారు, కోపంగా కాదు, పని అయిపోయిన మనిషిలా.

ఆగస్టులో కిడ్నీలు పాడయ్యాయి. స్టాంగర్ ఆసుపత్రిలో రెండుసార్లు చూశాను. మొదటిసారి స్కూల్లో అద్దాలు పోయిన మైక్రోస్కోపుల సంగతి అడిగారు. రెండోసారి గుర్తుపట్టలేదు, లేదా గుర్తుపట్టీ మాట్లాడలేదు. పక్కన కూర్చుని, ఒకప్పుడు నూగు గుచ్చుకున్న చేతుల నుంచి దాన్ని ఏరిన ఆ వేళ్లను పట్టుకున్నాను. నాకు క్షమాపణ చెప్పుకోవాలని ఉంది. ఆ మాట తెలుగులో చెబితే ఆయనకు తెలియదు, ఇంగ్లీషులో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఐదు రోజులకు పోయారు. ఆ మార్చి నుంచి ఆయన నన్ను మేడమ్ అనే పిలిచారు. చివరిదాకా అంతే.

దహనానికి పాత విద్యార్థులు చాలామంది వచ్చారు, ఇండియన్లు, కొత్తగా చేరిన బ్యాచిలో ఆయన దగ్గర ఒక్క ఏడాదే చదువుకున్న జూలూ పిల్లలు కూడా. అక్కడి ఆచారం ప్రకారం పదహారో రోజు కర్మ అయ్యాక ఆయన భార్య నన్ను ఆపి, పది నోటు పుస్తకాలూ తెచ్చి నా ముందు పెట్టింది.

"చదివి పెట్టు," అంది. "ఇన్నేళ్లు వీటిని తుడిచి సర్దాను. లోపలేముందో ఎప్పుడూ చూడలేదు."

కొన్ని పేజీలు చదివాను. నీటి వేడి. గడ్డి ఎన్ని రోజులు నానింది. బెండకాయ ఎంత. ఎన్ని తగిలాయి, ఎన్ని తిరిగాయి. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని, గుళ్లో పురాణం వింటున్నట్టు వింది. కొంతసేపటికి అడిగింది.

"నా గురించి ఎక్కడైనా ఉందా?"

పేజీలు తిప్పాను. పదీ తిప్పాను, నెమ్మదిగా, ఎక్కడైనా ఒక్క ముక్క దొరకాలని. ఉందని చెప్పడం ఎంత తేలికో నాకు తెలుసు.

"లేదక్కా," అన్నాను.

ఆవిడ తల ఊపింది. ఏడవలేదు. పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైదాని అట్ట మీద పడిన మసిని కొంగుతో తుడిచింది.

ఏడాది తిరగకుండానే ఆవిడ ఇల్లు అమ్మేసి లేడీస్మిత్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. మేమూ తర్వాత డర్బన్‌లోని సిడెన్‌హామ్‌కి మారాం. మొదటి దీపావళికి ఆవిడ కార్డు పంపింది. కింద, ఒకసారి రమ్మని రాసింది, అక్కడ చలి ఎక్కువని, ఇంట్లో అందరూ బాగా చూసుకుంటున్నారని, ఆయన గురించి మాట్లాడుకోవడానికి మాత్రం ఎవరూ లేరని. జవాబు రాద్దామని ఎన్నోసార్లు కూర్చున్నాను. వెళ్దామని రెండుసార్లు బట్టలు కూడా సర్దుకున్నాను. వెళ్లలేదు. రెండో ఏడు కూడా కార్డు వచ్చింది, మూడో ఏడు రాలేదు.